హార్మోన్లు మొదలెట్టాక ఒంట్లో సత్తువ: మీ ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హార్మోన్ చికిత్స తీసుకుంటున్న ట్రాన్స్ మహిళలు (మగపిల్లాడిగా పుట్టినా ఆడవాళ్లుగా బతికేవాళ్లు), ట్రాన్స్ పురుషులు (ఆడపిల్లగా పుట్టినా మగవాళ్లుగా బతికేవాళ్లు) రాసినవే. వాళ్ల ఇంట్లోవాళ్లు రాసినవీ ఉన్నాయి. అడిగిన తీరు వేరైనా అందరి బెంగ ఒకటే: ఒంట్లో సత్తువ ఏమవుతోంది, ఇది మామూలేనా, ఎంతవరకూ పోతుంది? అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి జాగా అంతా వీటికే ఇస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 27 ఏళ్లు, ట్రాన్స్ మహిళని. విజయవాడలో హోల్‌సేల్ కిరాణా గోడౌన్‌లో పని చేస్తాను. ఈస్ట్రాడయాల్ (ఈస్ట్రోజన్, అంటే ఆడ హార్మోన్) మాత్రలు, స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టి అయిదు నెలలైంది. ఇదివరకు 25 కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని గబగబా మెట్లెక్కేదాన్ని. ఇప్పుడు సగం మెట్లకే ఆయాసం, మధ్యాహ్నానికి కాళ్లు పీకేస్తాయి, కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతాయి. రక్త పరీక్షలో హీమోగ్లోబిన్ 12.6 వచ్చింది, పక్కన తక్కువ అని గుర్తు పెట్టారు. ఒక స్నేహితురాలు మాత్రలు రెట్టింపు చేస్తే ఒళ్లు త్వరగా అలవాటు పడుతుందంటోంది, ఇంకొకామె అసలు మానేయమంటోంది. పని పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెట్టింపూ చెయ్యొద్దు, మీ అంతట మీరు మానెయ్యొద్దు కూడా అమ్మా. ముందు ఆ రిపోర్టు తీసి పైన మీ పేరు, వయసు పక్కన ఏం రాసి ఉందో చూడండి. పురుషుడు అని ఉంటుంది. అందుకే ల్యాబ్ మిషను మీ 12.6ని మగవాళ్ల లెక్కతో, అంటే 13 నుంచి 17 వరకు ఉండాలన్న లెక్కతో పోల్చి తక్కువ అని గుర్తు పెట్టేసింది. ఆడవాళ్లలో 12 దాటితే రక్తహీనత అనం. ఈస్ట్రోజన్ మీద ఉన్న మీకు చూడాల్సింది ఆడవాళ్ల లెక్కే. కాబట్టి ఆ గుర్తు చూసి కంగారుపడి ఐరన్ మాత్రలు మింగకండి, ముందు ఫెరిటిన్ పరీక్ష చేయించి ఐరన్ నిజంగా తక్కువుందంటేనే వేసుకోండి.

అయితే ఆయాసం అబద్ధం కాదు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఎర్రరక్తకణాల తయారీని ఎగదోస్తుంది, అది తగ్గగానే హీమోగ్లోబిన్ కూడా దిగుతుంది, మూడు నాలుగు నెలల్లోనే ఆడవాళ్ల స్థాయికి వచ్చేస్తుంది. మీకు ముందు 15 ఉందనుకుందాం, ఇప్పుడు 12.6 అంటే రక్తం మోసుకెళ్లే ఆక్సిజన్‌లో ఆరో వంతు తగ్గినట్టు. నడకలో అది తెలియదు, బస్తాతో మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. మీకు సరిగ్గా అక్కడే తెలుస్తోంది. ఈ మార్పు ఒకసారి జరిగి ఆగిపోయేది, నెలనెలా ఇంకా ఇంకా దిగజారేది కాదు. ఆ స్థాయిలోనే కోట్లమంది ఆడవాళ్లు పొలం పనీ, మేస్త్రీల దగ్గర తట్టలు మోసే పనీ చేస్తున్నారు. ఒంటికి అలవాటు పడటానికి కొన్ని నెలల టైమివ్వాలి, అంతే.

కండ సంగతి వేరు, అది ఇంత వేగంగా పోదు. యూరప్‌లోని జెండర్ క్లినిక్‌లు కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. హార్మోన్లు మొదలెట్టిన మొదటి ఏడాదిలో ట్రాన్స్ మహిళల చేతి పట్టు సగటున 1.8 కిలోలు మాత్రమే తగ్గింది. స్వీడన్‌లో స్కాన్ తీసి తొడ కండ కొలిచారు, ఏడాదికి 5 శాతం తగ్గింది, కాళ్ల బలం మాత్రం దాదాపు అలాగే నిలబడింది, అది 2020లో అచ్చైంది. అమెరికా వైమానిక దళంలో పనిచేసే ట్రాన్స్ మహిళల ఫిట్‌నెస్ పరీక్షల రికార్డులు తిరగేస్తే, నిమిషంలో తీసే పుషప్‌లు తోటి ఆడవాళ్ల స్థాయికి దిగడానికి రెండేళ్లు పట్టిందని తేలింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అయిదు నెలల్లో మీరు కోల్పోయిన సత్తువ మొత్తం కండ కరిగి పోయింది కాదు. రక్తంలో మార్పు కొంత, మిగతాది ఇంకెక్కడో ఉంది, దాన్ని వెతికి పట్టుకుంటే చాలా భాగం తిరిగొస్తుంది.

నా అనుమానం మొదట స్పైరనోలాక్టోన్ మీద. టెస్టోస్టెరాన్‌ని అణచడానికి మీకు ఇచ్చారు గానీ అది అసలు బీపీ మందు, ఒంట్లోంచి ఉప్పునీ నీటినీ మూత్రంలోకి తోసేస్తుంది. విజయవాడ ఎండల్లో, రేకుల గోడౌన్‌లో చెమటలు కారేలా పనిచేసేవాళ్లు ఆ మందు మీద ఉంటే బీపీ పడిపోయి కళ్లు తిరగడం వింత కాదు. కూర్చుని ఒకసారి, లేచి నిలబడి రెండు నిమిషాలకు ఇంకోసారి బీపీ చూపించుకోండి, ఏ ఆర్‌ఎంపీ దగ్గరైనా చూస్తారు. రెండింటికీ బాగా తేడా ఉంటే మీ డాక్టరు మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. ఈలోగా నీళ్లు ఎక్కువ తాగండి, ఉప్పేసుకున్న మజ్జిగ తాగండి. కొబ్బరినీళ్ల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. స్పైరనోలాక్టోన్ పొటాషియంని ఒంట్లోనే పట్టి ఉంచుతుంది, కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది. కిడ్నీలు బాగుంటే రోజుకో బొండాంతో ఏమీ కాదు. ఎండ ఎక్కువుందని వరసగా నాలుగైదు తాగడం, పైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఇంట్లో ఎవరో బీపీ కోసం తెచ్చిన లో సోడియం ఉప్పు, ఇవన్నీ కలిస్తే పొటాషియం పెరిగి కండరాలు పట్టు తప్పుతాయి, గుండె దడ వస్తుంది. మందు మొదలెట్టాక పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించారా? లేకపోతే ఈ వారమే చేయించండి.

రెండో అనుమానం తిండి. మీరు రాయలేదు గానీ, సన్నబడాలని, బుగ్గలు తగ్గాలని రాత్రి భోజనం ఎగ్గొట్టేవాళ్లని చాలామందిని చూస్తుంటాను. బరువు మోసే పని చేస్తూ కడుపు మాడ్చుకుంటే ఒళ్లు కండనే తినేస్తుంది. మీ బరువు 60 కిలోలైతే రోజుకు 70 గ్రాముల ప్రొటీన్ అవసరం, అన్నంలో చారు పోసుకుంటే అది రాదు. ఉడికించిన గుడ్లు రెండు, గిన్నెడు గట్టి పప్పు, గుప్పెడు వేరుశనగలు, పెరుగు, వీలైన రోజు చేపలో చికెనో, ఇలా మూడు పూటలకీ సర్దుకోవాలి. బరువులు ఎత్తితే భుజాలు మగవాళ్లలా పెరుగుతాయేమోనన్న భయం కూడా వద్దు. టెస్టోస్టెరాన్ అణిగి ఉన్నప్పుడు వ్యాయామం కండని నిలబెడుతుంది, ఎముకని గట్టిపరుస్తుంది, ఆకారం మాత్రం అలా మారదు.

మోతాదు పెంచమన్న స్నేహితురాలికి నా మాటగా చెప్పండి, ఈస్ట్రోజన్ రెట్టింపు చేస్తే మార్పులు రెట్టింపు వేగంతో రావు, రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. మెడికల్ షాపులో చవగ్గా దొరుకుతాయని మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు గుప్పెళ్లతో మింగేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాటిలో ఉండేది ఎథినైల్ ఈస్ట్రాడయాల్, మీరు వాడే ఈస్ట్రాడయాల్ కంటే గడ్డలు కట్టించే గుణం దానికి చాలా ఎక్కువ. ఆ తంటా అస్సలు వద్దు. ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఏ పనీ చేయకుండానే హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా అది నీరసం కాదు, ఆ క్షణమే క్యాజువాలిటీకి వెళ్లాలి, వెళ్లగానే ఈస్ట్రోజన్ వాడుతున్నానని చెప్పాలి. సిగ్గుపడి దాచొద్దు. ఇది మాత్రం మీ గుంపులో అందరికీ చెప్పండి.

పని గురించి: బస్తా ఇద్దరు కలిసి ఎత్తడం, ట్రాలీ వాడటం, కొన్నాళ్లు బిల్లింగ్ వైపు అడగడం, ఇవి మీ ఓనరుతో మాట్లాడదగ్గ విషయాలే. చికిత్సలో ఉన్నానని, బరువు పని కొన్ని నెలలు తగ్గించాలని మీ డాక్టరు చీటీ రాసివ్వొచ్చు, ఏ చికిత్సో అందులో రాయక్కర్లేదు. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో పనిలోంచి తీసేయడాన్ని 2019 నాటి చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: మేడమ్, నేను ట్రాన్స్ మ్యాన్‌ని, 24 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు వారాలకోసారి 250 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్. వేయించుకున్న వారం కొండనైనా పిండి చేస్తాననిపిస్తుంది, నిద్ర కూడా పట్టదు. మూడో వారం వచ్చేసరికి మంచం దిగబుద్ధి కాదు, చిరాకు, ఏడుపు. జిమ్‌లో నాలుగు నెలల్లో బెంచ్‌ప్రెస్ బరువు దాదాపు రెట్టింపైంది, కానీ ఇప్పుడు మోచేతులు, భుజం ముందువైపు విపరీతమైన నొప్పి. ఇంజెక్షన్ ముందుకి జరుపుకుని రెండు వారాలకే వేయించేసుకోవచ్చా? కండ కోసం తీసుకునే క్రియాటిన్ పొడి వాడొచ్చా?

జవాబు: మోతాదు అంతే ఉంచి గడువు తగ్గించుకుంటే మీకు ఒంట్లో చేరేది సగానికి సగం పెరిగిపోతుంది, అది చెయ్యకండి. గడువుతో పాటు మోతాదు కూడా తగ్గించాలి. మీరు చెప్పిన ఎగుడుదిగుళ్లకి కారణం మీ మనసు కాదు, ఇంజెక్షనే. నూనెలో కలిపిన ఆ మందు వేసిన రెండు మూడు రోజుల్లో రక్తంలో శిఖరానికి వెళ్తుంది, అక్కడి నుంచి జారుతూ మూడో వారానికి అడుగుకి చేరుతుంది. ఆ అడుగు రోజుల్లోనే మీకు నీరసం, చిరాకు. దీన్ని సరిచేయడం తేలిక. మొత్తం మందు అంతే ఉంచి చిన్న మోతాదుల్లో వారానికో పది రోజులకో వేయడం ఒక దారి, రోజూ రాసుకునే జెల్ ఇంకో దారి, 10 నుంచి 14 వారాలకోసారి వేసే అండెకనోయేట్ ఇంజెక్షన్ మూడోది, ఖర్చు ఎక్కువే కానీ ఊగిసలాట తక్కువ. మీ డాక్టరుతో ఈ ముక్క చెప్పండి, రెండు ఇంజెక్షన్ల మధ్య రోజున టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించుకుని ఆ కాగితంతో వెళ్లండి. మధ్యలో 400 నుంచి 700 నానోగ్రాములు ఉంటే సరిపోతుంది, అంతకు మించి ఉంటే కండ ఇంకా పెరుగుతుందనుకోవద్దు, రక్తం చిక్కబడుతుంది.

చిక్కబడటం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ట్రాన్స్ పురుషుల్లో నేను అన్నిటికన్నా గట్టిగా గమనించేది ఇదే. విజయవాడ అమ్మాయికి జరిగినదానికి మీకు జరిగేది తిరగేసిన బొమ్మ. నెలసరి ఆగిపోతుంది కాబట్టి ప్రతి నెలా పోయే ఐరన్ మిగులుతుంది, పైనుంచి టెస్టోస్టెరాన్ ఎర్రకణాలు ఎక్కువ చేయిస్తుంది. 11 హీమోగ్లోబిన్‌తో ఎప్పుడూ అలసటగా తిరిగిన పిల్లలు ఏడాదికల్లా 15 దాటి, ఇంత హుషారు ఎప్పుడూ లేదని చెబుతుంటే వినడానికి నాకెంత సంతోషంగా ఉంటుందో! మీ కార్డులో ఇంకా స్త్రీ అనే ఉంటే ల్యాబ్‌వాళ్లు 15.8 లాంటి అంకెని ఎక్కువ అని గుర్తు పెడతారు, అది చూసి హడలిపోవద్దు, మగవాళ్ల లెక్కలో అది మామూలే. కానీ అదే సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో హిమటోక్రిట్ అని, రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే ఇంకో వరస ఉంటుంది. అది 54 శాతం దాటితే మాత్రం ఎవరి లెక్కలోనైనా ఎక్కువే, డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మోతాదు తగ్గించాలి. తలనొప్పి, ముఖం ఎర్రబడటం దానికి సూచనలు. సిగరెట్ తాగేవాళ్లలో ఇది ఇంకా త్వరగా పెరుగుతుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు ఈ పరీక్ష తప్పనిసరి.

ఇక మోచేతులు. టెస్టోస్టెరాన్‌తో కండ చాలా వేగంగా పెరుగుతుంది. స్వీడన్ అధ్యయనంలోనే ట్రాన్స్ పురుషుల తొడ కండ ఏడాదిలో 15 శాతం పెరిగింది, యూరప్ లెక్కల్లో చేతి పట్టు 6.1 కిలోలు పెరిగింది. అమెరికా వైమానిక దళంలోని ట్రాన్స్ పురుషులు మొదట తోటి మగవాళ్లకన్నా 43 శాతం తక్కువ పుషప్‌లు తీసేవాళ్లు, ఏడాదికల్లా ఆ తేడా చెరిగిపోయింది. కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు ఈ వేగాన్ని అందుకోలేదు, దానికి రక్త ప్రసరణ తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది. కొత్త ఇంజను పాత బండికి బిగించినట్టు అవుతుంది పరిస్థితి, చేతులు లేపగలిగే బరువు స్నాయువు మోయలేదు. అందుకే భుజం ముందువైపు నొప్పి. ఒక నెల బరువు సగానికి తగ్గించండి, నెమ్మదిగా ఎత్తి ఇంకా నెమ్మదిగా దించండి, లాగే వ్యాయామాలు, అంటే వీపువి, నెట్టేవాటితో సమానంగా చెయ్యండి. ఆ తర్వాత వారం వారం కొద్దికొద్దిగానే పెంచండి. నొప్పి రాత్రి నిద్ర లేపుతుంటే, చెయ్యి పైకెత్తలేకపోతుంటే ఆర్థో డాక్టరుకి చూపించాలి.

ఇంకొక మాట, అడగకపోయినా చెబుతున్నాను. ఛాతీ చదునుగా కనబడటానికి వేసుకునే బైండర్ బిగించుకుని వర్కౌట్ చెయ్యకండి. పక్కటెముకలు విచ్చుకోనివ్వదు, ఊపిరి సగమే అందుతుంది, జిమ్‌లో కళ్లు బైర్లు కమ్మాయని వచ్చినవాళ్లలో కొందరికి కారణం అదే. స్పోర్ట్స్ బ్రా, దానిమీద వదులు టీషర్టు చాలు. జిమ్‌లో బట్టలు మార్చుకునే చోట ఇబ్బందని మీలాంటివాళ్లు బైండర్ తియ్యరని నాకు తెలుసు, ఇంట్లోంచే మార్చుకుని వెళ్లడం మేలు. క్రియాటిన్ వాడొచ్చు, కిడ్నీ సమస్య లేకపోతే రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. కాకపోతే అది వాడినా, కండ పెరిగినా రిపోర్టులో క్రియాటినిన్ కొంచెం పెరిగి కనబడుతుంది, ఈ రెండూ మీ డాక్టరుకి ముందే చెప్పకపోతే కిడ్నీలు పాడయ్యాయని అనవసరంగా భయపెడతారు. జిమ్‌లో ట్రైనర్ ఇచ్చే పేరులేని ఇంజెక్షన్లు మాత్రం ముట్టుకోవద్దు నాయనా, మీకు చట్టబద్ధంగా, డాక్టరు చీటీతో దొరికే మందే అది.

ప్రశ్న: అమ్మా, మాది వరంగల్. నాకు 41. చాలా ఏళ్ల కిందట నిర్వాణం (వృషణాలు తీసేయడం) అయింది. హార్మోన్లు ఎప్పుడూ సరిగ్గా వాడలేదు, మధ్యలో ఎవరో చెప్తే సైప్రోటిరోన్ మాత్రలు వాడుతున్నా. నడుము నొప్పి, ఒళ్లంతా సెగలు, రాత్రి చెమటలు. దుకాణాలు తిరిగి వచ్చేసరికి ప్రాణం పోతున్నట్టుంటది. పిల్లలు వయసు మీద పడుతోంది అంటున్నారు. 41కే ఇంతనా?

జవాబు: 41కి ఇంత ఉండకూడదు తల్లీ. మీరు చెప్పింది చదువుతుంటే బాధేసింది, ఎందుకంటే ఇదంతా సరిచేయగలిగిందే, ఇన్నేళ్లూ ఎవరూ మీకు చెప్పలేదు.

ఒంటికి ఈస్ట్రోజనో టెస్టోస్టెరానో ఏదో ఒకటి ఉండాలి. నిర్వాణంతో టెస్టోస్టెరాన్ పోయింది, దాని బదులు ఈస్ట్రోజన్ రాలేదు. రెండూ లేని ఒంట్లో ఎముకలు పలచబడతాయి, కండ తగ్గుతుంది, సెగలు వస్తాయి, నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే పొద్దున్నే ఓపిక ఉండదు. ముట్లుడిగిన ఆడవాళ్లు పడే అవస్థే ఇది, మీకు ఇరవైల్లోనో ముప్ఫైల్లోనో మొదలైందంతే. పైగా సైప్రోటిరోన్ పని టెస్టోస్టెరాన్‌ని అణచడం. అది తయారయ్యే చోటే లేనప్పుడు ఆ మాత్రతో ఉపయోగం లేదు, దాని చెడు మాత్రం మిగులుతుంది, అందులో నీరసం, దిగులు కూడా ఉన్నాయి. చాలాకాలం ఎక్కువ మోతాదులో వాడినవాళ్లలో మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డ వచ్చే అవకాశం పెరుగుతుందని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. డాక్టరుకి చూపించి దాన్ని ఆపించుకోండి.

వెళ్లినప్పుడు అడగాల్సినవి: నడుము, తుంటి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి, బి12, థైరాయిడ్, షుగర్, సీబీసీ. రాత్రి చెమటలు ఉన్నాయి కాబట్టి టీబీ, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించుకోండి, ఏదో అనుకుని కాదు, రెండింటికీ ప్రభుత్వం ఉచితంగా మందులిస్తోంది, తెలియకుండా ఉండటమే నష్టం. ఈస్ట్రోజన్ మొదలెట్టేటప్పుడు మీ వయసుకి, అదీ బీడీ, సిగరెట్ అలవాటుంటే, మాత్రలకన్నా చర్మానికి రాసే జెల్ మంచిది, గడ్డకట్టే ప్రమాదం తక్కువ. కొన్ని వారాల్లో సెగలు తగ్గుతాయి, నిద్ర కుదురుతుంది, ఎముక బాగుపడటానికి ఏళ్లు పడుతుంది.

ఎక్కడికెళ్లాలన్నది అసలు కష్టం. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో పెట్టిన మిత్ర్ క్లినిక్‌లో ట్రాన్స్‌జెండర్లే కూర్చుని మాట్లాడేవాళ్లు, అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో అది మూతపడింది, అదే ఏడాది సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు గానీ, మధ్యలో మందులు ఆగిపోయినవాళ్ల ఉత్తరాలు నాకు ఎన్నో వచ్చాయి. ఒక క్లినిక్ మూసేస్తే అంతమంది చికిత్స ఆగిపోవడం అన్యాయం, ఈ పని ప్రభుత్వ ఆసుపత్రులది. హైదరాబాద్ ఉస్మానియాలో, విశాఖ కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) విభాగాలున్నాయి, ఓపీ చీటీతో చూస్తారు. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు లేకపోతే నేషనల్ పోర్టల్‌లో అప్లై చెయ్యండి. ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి అది ఉండాలి.

ప్రశ్న: మా పెద్దవాడు బెంగళూరులో ఉద్యోగం. ఏడాదిగా ఆడపిల్లగా మారే మందులు వాడుతున్నాడు. మేము మొదట చాలా గొడవపడ్డాం, ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. ఈమధ్య సెలవు రోజుల్లో సాయంత్రం దాకా నిద్రే, ఫోన్ ఎత్తడు, తిండి తినడు. సైప్రోటిరోన్ 50 మిల్లీగ్రాములని చీటీలో ఉంది. మందుల వల్లేనా? మానిపించమంటారా? — ఒక తల్లి, గుంటూరు

జవాబు: గొడవ దాటి మళ్లీ మాట్లాడుకుంటున్నారని రాశారు చూశారా, అమ్మా, మీ అమ్మాయికి ఇప్పుడు కావలసిన మందుల్లో అది ముందు వరసలో ఉంటుంది. మాటలు ఆపకండి.

హార్మోన్ల వల్ల వచ్చే నీరసం పనిలో తెలుస్తుంది, మెట్ల దగ్గర తెలుస్తుంది. మనిషిని సాయంత్రం దాకా మంచానికి కట్టేయదు, తిండి మీద కోరిక చంపేయదు. అలా ఉందంటే రెండు చూడాలి. ఒకటి ఆ సైప్రోటిరోన్ మోతాదు. ఇప్పటి ప్రామాణిక సూచనల ప్రకారం రోజుకు 10 మిల్లీగ్రాముల దగ్గరే టెస్టోస్టెరాన్ చాలామందిలో అణిగిపోతుంది, 50 అవసరం లేదు, ఎక్కువ మోతాదులో అలసట, దిగులు బాగా కనిపిస్తాయి. మానిపించకండి, ఎండోక్రైనాలజిస్ట్‌ని అడిగి తగ్గించమనండి. అదే చీటీలో ఈస్ట్రాడయాల్ ఎంత ఉందో, రక్తంలో అది 100 పికోగ్రాములు దాటుతోందో లేదో కూడా చూపించాలి. ఒకదాన్ని అణచి రెండోది చాలినంత ఇవ్వకపోతే వరంగల్ ఆవిడకి జరిగిందే ఇక్కడా జరుగుతుంది.

రెండోది మనసు. ఆఫీసులో ఎవరికి చెప్పింది, ఎవరేమన్నారు, ఇల్లు ఖాళీ చేయమన్నారా, ఒక్కతే ఉంటోందా, ఇవి ఫోన్‌లో తేలవు. ఒకసారి మీరే వెళ్లి రండి, నాలుగు రోజులుండండి, వండిపెట్టండి, అడగాల్సింది నెమ్మదిగా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన లేనివాళ్లకి కొత్తగా రాదు, ఉన్నవాళ్లకి చెప్పుకునే దారి దొరుకుతుంది. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. సైకియాట్రిస్ట్ మందులు అవసరమైతే హార్మోన్లతో కలిపి వాడొచ్చు, ఏవేవి వాడుతోందో ఇద్దరు డాక్టర్లకీ తెలియాలి, అంతే.

ప్రశ్న: మేడమ్, 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు మా వాళ్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు కదా, 800 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పెట్టారు. మళ్లీ పెడితే నేనూ వెళ్లాలని ఉంది. ఏడాదిన్నరగా ఈస్ట్రోజన్ మీద ఉన్నాను. రెండు నెలలు ముందు ఆపేస్తే బలం వస్తుందా? — ట్రాన్స్ మహిళ, 23, సికింద్రాబాద్

జవాబు: రాదు. ఆపితే సెగలు, మూడ్ చెడటం, అద్దంలో చూసుకుంటే దిగులు, ఇవొస్తాయి. రెండు నెలల్లో కండ తిరిగి రావాలన్నా వ్యాయామం చేస్తేనే వస్తుంది, అదేదో హార్మోన్లు వాడుతూనే చెయ్యండి.

మీకు ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. ఇందాక చెప్పిన అమెరికా వైమానిక దళం రికార్డుల్లో రెండేళ్ల హార్మోన్ల తర్వాత కూడా ట్రాన్స్ మహిళలు ఒకటిన్నర మైలు పరుగులో తోటి ఆడవాళ్లకన్నా సగటున 12 శాతం వేగంగా ఉన్నారు. వాళ్లు రోజూ శిక్షణలో ఉన్నవాళ్లు, అది గుర్తుపెట్టుకోండి. 800 మీటర్లలో మొదటి రౌండ్ అందరూ పరిగెత్తుతారు, రెండో రౌండ్‌లోనే ఊపిరి సరిపోక కూలబడతారు. వారంలో మూడు రోజులు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా అరగంట పరుగు, ఒక రోజు 200 మీటర్లు గట్టిగా పరిగెత్తి రెండు నిమిషాలు నడవడం, అలా ఆరుసార్లు. రెండు రోజులు గుంజీళ్లు, పుషప్‌లు, మెట్లు. షాట్‌పుట్ చేత్తో విసరరు, కాళ్లతో నడుముతో నెడతారు, కాబట్టి గుంజీళ్లు దానికి కూడా పనికొస్తాయి. పరుగు మొదలెట్టే ముందు సీబీసీ, ఫెరిటిన్ చేయించండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది, మీ హీమోగ్లోబిన్ ఇప్పుడు ఆడవాళ్ల స్థాయికి దిగింది కాబట్టి 12 కిందికి పోకుండా చూసుకోవడం మీ చేతుల్లో ఉంది. టెస్టుకి వారం ముందు కొత్త మందు ఏదీ మొదలెట్టొద్దు, స్పైరనోలాక్టోన్ వాడుతుంటే ఆ పూట మాత్ర పరుగయ్యాక వేసుకోవచ్చా అని మీ డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి.